బటన్ నొక్కితే మోటారు: వాహనంలో రిలే, కెపాసిటర్ చేసే పని ఏమిటి?

కారు కిటికీ అద్దం పైకి లేవాలన్నా, కిందికి దిగాలన్నా నేడు బటన్ నొక్కితే చాలు. పాత వాహనాలకు ఈ సదుపాయాన్ని విడిగా అమర్చుకునేవారూ ఉన్నారు. అయితే బ్యాటరీ నుంచి బటన్‌కు, బటన్ నుంచి మోటారుకు నేరుగా తీగ లాగితే పని పూర్తయిందనుకోవడం పొరపాటు. అలాంటి అమరిక కొన్నాళ్లు పనిచేసినా, బటన్ కరగడానికీ, తీగ కాలడానికీ, కొన్నిసార్లు వాహనంలో మంటలు చెలరేగడానికీ దారితీయవచ్చు.

బటన్‌ది ఆజ్ఞ, రిలేది భారం

12 వోల్టుల కిటికీ మోటారు మామూలుగా తిరిగేటప్పుడు కొన్ని ఆంపియర్ల విద్యుత్తు తీసుకుంటుంది. అద్దం చివరికి చేరి మోటారు తిరగలేక నిలిచిపోయినప్పుడు అది 15 నుంచి 20 ఆంపియర్ల వరకూ పెరగవచ్చు. చిన్న బటన్‌లోని లోహపు మొనలు ఇంత భారాన్ని పదేపదే తెంచలేవు. ప్రతిసారీ నిప్పురవ్వ పుట్టి అవి అరిగిపోతాయి, లేదా ఒకదానికొకటి అతుక్కుపోతాయి.

ఈ చిక్కును రిలే తీరుస్తుంది. దీనిలో కాయిల్ అనే సన్నని తీగచుట్ట ఉంటుంది. బటన్ నొక్కితే కాయిల్‌లో సుమారు 0.15 ఆంపియరు మాత్రమే ప్రవహిస్తుంది. కాయిల్ అయస్కాంతంగా మారి ఒక లోహపు పలకను లాగుతుంది. మోటారుకు వెళ్లే అసలు విద్యుత్తు ఆ పలక ద్వారా సాగుతుంది. 1912లో కాడిలాక్ కార్లలో ప్రవేశించిన ఎలక్ట్రిక్ స్టార్టర్ ఇంజిన్‌ను చేతితో తిప్పే శ్రమను తప్పించింది. నేటి కార్లలో తాళం తిప్పినా, బటన్ నొక్కినా స్టార్టర్‌కు వెళ్లే భారీ విద్యుత్తును సోలినాయిడ్ కలుపుతుంది. అదీ ఒక రకంగా పెద్ద రిలేయే.

రెండు దిశలకు రెండు రిలేలు

వాహనాల రిలేపై 30, 85, 86, 87, 87ఎ అనే గుర్తులు కనిపిస్తాయి. 85, 86 కాయిల్ కొసలు. 30 మధ్య మొన. రిలే విశ్రాంతిలో ఉన్నప్పుడు 30 మొన 87ఎతో, పనిచేస్తున్నప్పుడు 87తో కలుస్తుంది.

అద్దం రెండు వైపులా కదలాలంటే రెండు రిలేలు కావాలి. ఒక్కో రిలే 30 మొనకు మోటారు ఒక్కో కొసను కలపాలి. రెండింటి 87 మొనలను ఫ్యూజు ద్వారా బ్యాటరీ పాజిటివ్‌కు, 87ఎ మొనలను నెగెటివ్‌కు కలపాలి. ఒక బటన్ నొక్కితే మోటారు ఒక దిశలో, రెండోది నొక్కితే వ్యతిరేక దిశలో తిరుగుతుంది. పొరపాటున రెండూ నొక్కినా మోటారు రెండు కొసలూ పాజిటివ్‌లోనే ఉంటాయి కనుక షార్ట్ సర్క్యూట్ కాదు, మోటారు తిరగదు. రెండూ వదిలేస్తే రెండు కొసలూ నెగెటివ్‌తో కలిసి మోటారు వెంటనే ఆగుతుంది.

కాయిల్‌కు విద్యుత్తు ఆగిన క్షణంలో దాని నుంచి అధిక వోల్టేజీ ఎగసిపడుతుంది. దాన్ని అణచేందుకు కాయిల్‌కు సమాంతరంగా ఒక డయోడ్ పెట్టాలి. డయోడ్‌పై గీత ఉన్న కొస పాజిటివ్ వైపు ఉండాలి. తారుమారైతే బటన్ నొక్కగానే షార్ట్ అవుతుంది.

కెపాసిటర్ ఎక్కడ ఉండాలి?

తిరిగే మోటారులోని బ్రష్‌ల నిప్పురవ్వలు రేడియోలో గరగర శబ్దం పుట్టిస్తాయి. మోటారు రెండు కొసల మధ్య 0.1 మైక్రోఫారడ్ సిరామిక్ కెపాసిటర్ పెడితే అది తగ్గుతుంది. ఇక్కడ ఎలక్ట్రోలిటిక్ రకం వాడకూడదు. దిశ మారినప్పుడల్లా మోటారు కొసల ధ్రువాలు తారుమారవుతాయి. ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్ అందుకు తట్టుకోలేక వేడెక్కి పగిలిపోవచ్చు.

కెపాసిటర్‌కు రెండో ఉపయోగం, బటన్ వదిలాక కూడా రిలేను కొద్దిసేపు పట్టి ఉంచడం. సుమారు 90 ఓమ్‌ల కాయిల్‌కు సమాంతరంగా 1,000 మైక్రోఫారడ్ కెపాసిటర్ పెడితే, దానిలోని విద్యుత్తు తగ్గడానికి సెకనులో పదోవంతు స్థాయి సమయం పడుతుంది. 4,700 మైక్రోఫారడ్ అయితే అది అర సెకనుకు చేరువవుతుంది. ఇంజిన్ నడుస్తుండగా వాహన వోల్టేజీ 14 దాటుతుంది కనుక 16 వోల్టుల కెపాసిటర్‌కు బదులు 25 లేదా 35 వోల్టులది ఎంచుకోవడం మేలు. 24 వోల్టుల లారీలు, బస్సులకు రిలే, కెపాసిటర్ రెండూ ఆ స్థాయికి తగినవి కావాలి.

వేలు తీయగానే ఆగాలి

అయితే కిటికీ అద్దానికి ఈ ఆలస్యం ప్రమాదకరం. 40 సెంటీమీటర్ల ఎత్తును 4 సెకన్లలో ఎక్కే అద్దం అర సెకనులో 5 సెంటీమీటర్లు కదులుతుంది. పిల్లల చేయి అడ్డుపడిందని గమనించి పెద్దలు బటన్ వదిలినా, కెపాసిటర్ మోటారును ఆ అర సెకను తిప్పుతూనే ఉంటుంది. అందువల్ల అద్దం మూసే రిలేకు ఇలాంటి కెపాసిటర్ పెట్టకూడదు. మనిషి శరీరానికి తగిలే అవకాశమున్న ఏ మోటారు విషయంలోనైనా ఇదే నియమం పాటించాలి.

ఫ్యూజు కాపాడేది తీగనే

ఫ్యూజును బ్యాటరీకి వీలైనంత దగ్గరగా పెట్టాలి. ఫ్యూజుకు ముందున్న తీగకు ఏ రక్షణా ఉండదు. ఫ్యూజు విలువను తీగ మందాన్ని బట్టి నిర్ణయించాలి. కిటికీ మోటారుకు 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ, 20 ఆంపియర్ల ఫ్యూజు సాధారణంగా సరిపోతాయి. ఫ్యూజు పదేపదే పోతుంటే దాని స్థానంలో పెద్దది పెట్టడం, రాగి పోగు చుట్టడం కొందరికి అలవాటు. అలా చేస్తే తర్వాత కాలేది ఫ్యూజు కాదు, డ్యాష్‌బోర్డు వెనుక ఉన్న తీగ. పని మొదలుపెట్టే ముందు బ్యాటరీ నెగెటివ్ తీగను విప్పి, చివర కనెక్షన్లన్నీ సరిచూసుకున్నాకే తిరిగి బిగించాలి.