చల్లారని బూడిద



పొయ్యిలో కట్టె కాలితే బూడిద మిగులుతుంది. నీళ్ళు చల్లితే చల్లారిపోతుంది. అణు విద్యుత్ కేంద్రంలో వాడేసిన ఇంధనం అంత తొందరగా చల్లారదు. యురేనియం బిళ్ళలు నింపిన లోహపు గొట్టాలను కొన్నేళ్ళు వాడాక రియాక్టర్ నుంచి తీసేస్తారు. తీశాక కూడా వాటి నుంచి వేడి, కంటికి కనబడని కిరణాలు వస్తూనే ఉంటాయి.

మరి వాటిని ఎక్కడ పెడతారు?

1. మొదట లోతైన నీటి తొట్టిలో. నీళ్ళు వేడిని లాగేస్తాయి, కిరణాలను అడ్డుకుంటాయి.

2. కొన్నేళ్ళకు వేడి తగ్గాక ఉక్కు డబ్బాలో పెట్టి, హీలియం వాయువు నింపి, మూత వెల్డింగ్ చేస్తారు. చుట్టూ మందపాటి కాంక్రీటు. మధ్య సందులో గాలి కింద నుంచి పైకి పోతూ చల్లబరుస్తుంది. మోటారు అక్కర్లేదు. అమెరికాలో ఇలా నీళ్ళు లేకుండా పొడిగా దాచడం 1986లో వర్జీనియాలోని సర్రీ కేంద్రంలో మొదలైంది.

ఇదంతా తాత్కాలికమే. భూమి లోతున శాశ్వతంగా దాచాలని అమెరికా 1982లో చట్టం చేసింది. 1998 నుంచి ప్రభుత్వమే తీసుకుపోవాలి. ఆ చోటు నేటికీ తయారు కాలేదు. సుమారు 90 వేల టన్నులు ఎక్కడివక్కడే ఉన్నాయి.

ఇందులో మనలాంటి వాళ్ళ కథ ఒకటుంది. యూటా రాష్ట్రంలోని స్కల్ వ్యాలీలో గోషూట్ అనే చిన్న ఆదివాసీ తెగ ఉంది. జనం సుమారు 120 మంది. 1997లో తెగ పెద్ద లియాన్ బేర్ ఈ ఇంధనం దాచడానికి తమ నేలను కరెంటు కంపెనీల కూటమికి లీజుకు ఇచ్చారు. 4,000 పెట్టెలు, 40 వేల టన్నులు! తెగకు ఆదాయం కావాలని ఆయన వాదన. పైగా పక్కనే సైన్యం రసాయన ఆయుధాలు పరీక్షించిన స్థలం ఉంది. 1968లో ఆ లోయలో వేల గొర్రెలు చచ్చాయి. అదే తెగకు చెందిన మార్జీన్ బుల్‌క్రీక్ మాత్రం పూర్వీకుల నేలను పాడుచేయొద్దని ఎదిరించారు. రాష్ట్ర ప్రభుత్వమూ వద్దంది.

2006 ఫిబ్రవరిలో 20 ఏళ్ళకు లైసెన్సు వచ్చింది. సెప్టెంబరులో కేంద్ర ప్రభుత్వం లీజును తిరస్కరించింది. 2010లో కోర్టు ఆ తిరస్కారం చెల్లదంది. 2012లో కంపెనీలే వెనక్కి తగ్గాయి. ఒక్క పెట్టె కూడా అక్కడికి రాలేదు. తెగ మాత్రం రెండుగా చీలింది.

శాశ్వత చోటు లేనప్పుడు 20 ఏళ్ళ తర్వాత ఆ పెట్టెలు ఎక్కడికి పోయేవి? మిత్రులారా, ఎవరైనా "తాత్కాలికం" అంటే రెండు ప్రశ్నలు అడగాలి. ఎప్పుడు తీస్తారు? ఎక్కడికి తీసుకుపోతారు?