అప్‌డేట్ మన చేతికి వచ్చేముందు ఏం జరుగుతుంది? అర సెకను ఆలస్యం పట్టించిన మోసం

ఫోన్‌లో ‘అప్‌డేట్ అందుబాటులో ఉంది’ అని కనిపించగానే చాలా ఇళ్లలో ‘తర్వాత చూద్దాంలే’ అని పక్కన పెట్టేస్తారు. కానీ ఆ అప్‌డేట్ మన దాకా రావడానికి ఎన్ని చేతులు దాటుతుందో, ఒక్క చేయి తప్పు చేస్తే ఏమవుతుందో తెలుసుకోవడం మంచిది.

ఓపెన్ సోర్స్ అంటే కోడ్ ఎవరైనా చూడవచ్చు, మార్పు ఎవరైనా సూచించవచ్చు. అయితే దాన్ని విడుదల చేసే అధికారం అందరికీ ఉండదు. ఆ బాధ్యత మెయింటెయినర్లది. ఒక రకంగా అది వాళ్ల దగ్గరున్న అమానత్.

లైనక్స్ పద్ధతి ఇదీ

ఆండ్రాయిడ్ ఫోన్లన్నిటికీ పునాది లైనక్స్ కెర్నెల్. దీని కొత్త వెర్షన్ తొమ్మిది, పది వారాలకు ఒకటి వస్తుంది. మొదటి రెండు వారాలే కొత్త మార్పులు తీసుకుంటారు. తర్వాత తలుపు మూసేస్తారు. లైనస్ టోర్వాల్డ్స్ ‘ఆర్‌సీ1’ అనే పరీక్ష వెర్షన్ ఇస్తారు. అక్కడి నుంచి దాదాపు వారానికొకటి చొప్పున ఆర్‌సీలు వస్తాయి. వాటిలో లోపాలు సరిదిద్దడమే తప్ప కొత్త హంగులు చేర్చరు. మామూలుగా ఆర్‌సీ7 లేదా ఆర్‌సీ8 తర్వాత అసలు విడుదల. ఆపైన బయటపడే లోపాలకు ‘స్టేబుల్’ వెర్షన్ల ద్వారా మరమ్మతులు వస్తూనే ఉంటాయి.

నమ్మకం ముసుగులో

ఇంత చూసినా మోసం జరగదా? 2024లో జరిగింది. ఎక్స్‌జెడ్ అనేది ఫైళ్లను చిన్నవిగా కుదించే సాఫ్ట్‌వేర్. దీన్ని ఏళ్ల తరబడి దాదాపు ఒక్కరే, జీతం లేకుండా చూసుకున్నారు. ‘జియా టాన్’ పేరుతో ఒకరు 2021 నుంచి సాయం చేస్తూ నమ్మకం సంపాదించి, చివరికి విడుదల అధికారం కూడా పొందారు. 2024 ఫిబ్రవరిలో 5.6.0, మార్చిలో 5.6.1 వెర్షన్లు వచ్చాయి. వాటిలో దొంగదారి ఉంది. దాన్ని పనిచేయించే ఒక కీలకమైన ముక్క అందరూ చూసే కోడ్‌లో లేదు, విడుదల చేసిన మూటలోనే ఉంది.

ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజినీరుకు సర్వర్‌లోకి లాగిన్ కావడానికి అర సెకను ఎక్కువ పడుతోందని అనుమానం వచ్చింది. తవ్వి చూసి, మార్చి 29న లోకానికి చెప్పారు. అప్పటికి ఆ వెర్షన్లు డెబియన్ టెస్టింగ్, ఫెడోరా రాహైడ్ లాంటి పరీక్ష దశల్లోకి చేరాయి. డెబియన్ స్టేబుల్‌కు మాత్రం చేరలేదు. విడుదలను మెట్లు మెట్లుగా చేయడం వల్లే పెద్ద ప్రమాదం తప్పింది.

మనం ఏం చేయాలి?

ఈ కథ విని అప్‌డేట్లే మానేస్తే అది మరో పొరపాటు. బయటపడ్డ లోపం దొంగలకూ తెలిసిపోతుంది. మరమ్మతు వేసుకోని ఫోనే వాళ్లకు సులువుగా దొరుకుతుంది.

• అప్‌డేట్‌ను సెట్టింగ్స్ నుంచి, యాప్‌లను ప్లే స్టోర్ నుంచి మాత్రమే తీసుకోండి.
• వాట్సాప్‌లో ‘అప్‌డేట్’ అంటూ వచ్చే ఏపీకే ఫైళ్లు, లింకులు తెరవొద్దు. ఇంట్లో పెద్దవాళ్లకూ ఈ మాట చెప్పండి.
• సెట్టింగ్స్‌లో సెక్యూరిటీ ప్యాచ్ తేదీ చూడండి. చాలా పాతదైతే ఆ ఫోన్‌లో బ్యాంకు పనులు తగ్గించుకోండి.
• కొత్త ఫోన్ కొనేటప్పుడు కెమెరాతో పాటు, సెక్యూరిటీ అప్‌డేట్లు ఎన్నేళ్లు ఇస్తారో కూడా అడగండి.