109 రోజుల నడక, రెండు రోజుల సస్పెన్స్: సీఎం రేసులో ఓటరు ఎవరు?

ఇవాళ భద్రాచలం బ్రిడ్జి దగ్గర్నుంచి మాట్లాడుతున్నా. వెనక లారీల హారన్లు వినిపిస్తే కొంచెం సర్దుకోండి. పోయిన లైవ్‌లో ఒక తమ్ముడు అడిగాడు, "అన్నా, భట్టి గారు అన్ని రోజులు నడిచారు కదా, మరి సీఎం ఎందుకు కాలేదు?" అని. రెండు లైన్లలో ఏదో చెప్పి తప్పించుకున్నా. ఇవాళ సరిగ్గా మాట్లాడుకుందాం. ఈ విషయంలో నేను చేసిన తప్పు కూడా ఒకటుంది, అదీ చెప్తా.

ముందు జరిగింది గుర్తు చేసుకుందాం. 2023 మార్చి 16న ఆదిలాబాద్ వైపు పిప్పిరిలో మల్లు భట్టి విక్రమార్క గారు పాదయాత్ర మొదలుపెట్టారు. పీపుల్స్ మార్చ్ అని పేరు. మన మధిర ఎమ్మెల్యే, అప్పటికి సీఎల్పీ నేత. 109 రోజులు, 1,300 కిలోమీటర్లకు పైనే. మే నెల ఎండలో మన రోడ్ల మీద నడవడమంటే ఏంటో మీకు నేను చెప్పక్కర్లేదు. జులై 2న ఖమ్మంలో రాహుల్ గాంధీ సభతో ముగిసింది. దానికంటే ముందే, ఫిబ్రవరి 6న, పీసీసీ అధ్యక్షుడు రేవంత్ రెడ్డి గారు మేడారం నుంచి హాత్ సే హాత్ జోడో యాత్ర మొదలుపెట్టారు. ఒకే పార్టీ, ఒకే ఏడాది, ఇద్దరు నాయకులు, రెండు యాత్రలు. పైకి రెండూ కేసీఆర్ సర్కారు మీదే.

నేను సాఫ్ట్‌వేర్‌లో ఉన్నప్పుడు గోదాము కోసం ఒక యాప్ చేశాం. వాడేది లోడింగ్ చేసే కూలీలు, ఓకే చెప్పేది పైన కూర్చున్న మేనేజర్. చివరికి ఏమైందంటే మేనేజర్‌కి చూపించే గ్రాఫులు అదిరిపోయాయి, కూలీకి మాత్రం ఎండలో బటన్ కనపడేది కాదు. ఎవరు ఓకే చెప్తారో వాళ్ళ కోసమే ఏదైనా తయారవుతుంది. సీఎం రేసుని కూడా ఇలా చూడండి, సగం అర్థమైపోతుంది.

నవంబర్ 30న మనం ఓటేశాం. మన భద్రాచలం, పినపాక, ఇల్లెందు, కొత్తగూడెం, అశ్వారావుపేటతో కలిపి 13 నియోజకవర్గాల్లో మావోయిస్టు ప్రభావం ఉందని పోలింగ్ సాయంత్రం 4కే ఆపేశారు. మిగతా రాష్ట్రానికి 5 దాకా. అంటే మనకి ఒక గంట తక్కువ. సరే, ఆ ఓటు ఎమ్మెల్యే కోసం. డిసెంబర్ 3న కాంగ్రెస్‌కి 119లో 64 వచ్చాయి. ఉమ్మడి ఖమ్మంలో 10కి 8 కాంగ్రెస్, కొత్తగూడెం పొత్తులో సీపీఐకి. బీఆర్ఎస్ గెలిచింది ఒక్క మన భద్రాచలంలోనే.

మరి సీఎంని ఆ 64 మంది ఎన్నుకున్నారా? డిసెంబర్ 4న హైదరాబాద్ గచ్చిబౌలిలో ఒక హోటల్లో సీఎల్పీ మీటింగ్ జరిగింది. డీకే శివకుమార్ తదితరులు పరిశీలకులు. నిర్ణయాన్ని పార్టీ అధ్యక్షుడు ఖర్గే గారికి వదిలేస్తూ ఏకవాక్య తీర్మానం చేశారు. అంతే. 5న భట్టి గారు, ఉత్తమ్ కుమార్ రెడ్డి గారు ఢిల్లీలో ఉన్నారు. సాయంత్రం కేసీ వేణుగోపాల్ గారు రేవంత్ రెడ్డి పేరు ప్రకటించారు. 7న ఎల్బీ స్టేడియంలో ప్రమాణ స్వీకారం, భట్టి గారు ఉప ముఖ్యమంత్రి.

అంటే ఈ రేసులో ఓటర్లు ఢిల్లీలో ఉన్న పట్టుమని పది మంది. ఇది కొత్త కూడా కాదు. 1973లో మన ఖమ్మం జిల్లా నాయకుడు జలగం వెంగళరావు గారు ముఖ్యమంత్రి అయినప్పుడూ మాట ఢిల్లీదే, ఇందిరాగాంధీది.

ఇప్పుడు వ్యూహాలు చూడండి. భట్టి గారి నడక ఢిల్లీకి చెప్పిన మాట, "నేను నిలబడ్డాను, జనంలో ఉన్నాను." 2019లో 12 మంది ఎమ్మెల్యేలు టీఆర్ఎస్‌లో కలిసిపోయినప్పుడు ఉమ్మడి ఖమ్మంలో కాంగ్రెస్‌కి మిగిలింది మధిరలో ఆయన, భద్రాచలంలో పొదెం వీరయ్య గారు. ఆ నేపథ్యంలో 109 రోజులు చిన్న మాట కాదు. కానీ ముగింపు సభ సంగతి గుర్తుందా? అదే స్టేజీ మీద పొంగులేటి శ్రీనివాసరెడ్డి గారు కాంగ్రెస్‌లో చేరారు. అదే స్టేజీ మీద రాహుల్ 4,000 పెన్షన్ ప్రకటించారు. ఒక్క సభలో మూడు వార్తలు. నాలుగు నెలల కష్టం హెడ్‌లైన్‌లో మూడో వంతు అయిపోయింది. నా లెక్కలో ఆయన ప్రచారానికి పెద్ద దెబ్బ అక్కడే తగిలింది.

రేవంత్ గారి లెక్క వేరు. అప్పటికి 2021 నుంచి పీసీసీ కుర్చీ ఆయనది కాబట్టి పార్టీ ఏం మాట్లాడినా కెమెరా ఆయన మీదే ఉండేది. పైగా కొడంగల్‌తో పాటు కామారెడ్డిలో నేరుగా కేసీఆర్ మీద పోటీకి దిగారు. అక్కడ గెలిచింది బీజేపీ అభ్యర్థి వెంకటరమణారెడ్డి, రేవంత్ మూడో స్థానం. మామూలుగా చూస్తే పరువు పోయే సంగతే కదా? కానీ నామినేషన్ వేసిన రోజు నుంచి ప్రతి టీవీలో ఒక పక్క కేసీఆర్ ఫోటో, ఇంకో పక్క ఈయన ఫోటో. కేసీఆర్‌కి ఎదురు ఎవరు అనే ప్రశ్నకి జవాబు ఓట్ల లెక్కింపు కంటే ముందే తయారైపోయింది. కామారెడ్డి సీటు పోయినా, అక్కడ కావాల్సింది ఆయనకి దొరికింది.

అయితే కవరేజ్ ఉంటే చాలు అనుకోకండి. 2022 అక్టోబర్‌లో కాంగ్రెస్ అధ్యక్ష ఎన్నిక జరిగింది. శశి థరూర్ ఇంటర్వ్యూలు, మేనిఫెస్టో, ట్విట్టర్ అంతా ఆయనే. ఓట్లు వచ్చింది 1,072. ఖర్గేకి 7,897. అక్కడ ఓటేసేది డెలిగేట్లు, రీల్స్ చూసేవాళ్ళు కాదు. అదే ఏడాది బ్రిటన్‌లో కన్జర్వేటివ్ పార్టీ నాయకత్వానికి లిజ్ ట్రస్, రిషి సునాక్ పోటీ పడ్డారు. చివరి రౌండ్‌లో పార్టీ సభ్యులే ఓటేశారు, 81,326కి 60,399. టీవీ డిబేట్ చూసిన సభ్యుడి చేతిలో బ్యాలెట్ ఉంది కాబట్టి ఆ డిబేట్‌కి ఒక అర్థం ఉంది. మనం డిసెంబర్ 4న టీవీ ముందు కూర్చున్నప్పుడు మన చేతిలో రిమోట్ తప్ప ఏముంది?

ఆ రోజు సంగతే చెప్పాలి. సాయంత్రానికే రాజ్‌భవన్‌లో ప్రమాణానికి ఏర్పాట్లు అన్నారు, తర్వాత ఇవాళ కాదన్నారు. మధ్యలో అంతా "విశ్వసనీయ వర్గాల సమాచారం". ఈ మాట వినగానే ఒకటి అడగండి: ఈ వార్త బయటికొస్తే ఎవరికి లాభం? నాయకుడి మనిషి ఒక రిపోర్టర్‌కి ఫోన్ చేసి "మావాడికి ఇంతమంది ఎమ్మెల్యేలు ఉన్నారు" అంటాడు. అది స్క్రోలింగ్ అవుతుంది. అటూ ఇటూ ఊగే ఎమ్మెల్యే ఆ స్క్రోలింగ్ చూసి గెలిచేవైపు జరుగుతాడు. అబద్ధంగా మొదలైంది రాత్రికి నిజం కావచ్చు. 1995 ఆగస్టులో ఎన్టీఆర్, చంద్రబాబు మధ్య వైస్రాయ్ హోటల్ రోజుల్లో కూడా వార్తంతా ఇదే, అటెంతమంది, ఇటెంతమంది. ఇప్పుడు పేపర్ పొద్దున వచ్చేదాకా ఆగక్కర్లేదు, అంతే తేడా.

ఇక నా తప్పు. డిసెంబర్ 4 రాత్రి వాట్సాప్ గ్రూపులో ఒక మెసేజ్ వచ్చింది. ఎవర్నీ అడగలేదు. "మన ఖమ్మం సీఎం?" అని థంబ్‌నెయిల్ పెట్టి షార్ట్ వదిలేశా. చివర ప్రశ్న గుర్తు ఉంది కదా అని నాకు నేను సర్దిచెప్పుకున్నా. అప్పటిదాకా నా ఛానెల్లో ఎక్కువ వ్యూస్ దానికే. రెండు రోజులయ్యాక చర్ల నుంచి ఒక తమ్ముడు ఫోన్ చేశాడు. "మీ వీడియో చూసి మా ఊళ్ళో బాంబులు కాల్చామన్నా, ఇప్పుడు అందరూ నన్ను ఆడుకుంటున్నారు" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు. నాకు నవ్వు రాలేదు.

ఈ ఎపిసోడ్ కోసం ఆ షార్ట్ కింద కామెంట్లు మళ్ళీ మొత్తం చదివా. భట్టి, రేవంత్, భట్టి, రేవంత్. మధ్యలో ఒకాయన, "సీఎం ఎవరైనా పర్లేదు తమ్ముడూ, మా పోడు పట్టా సంగతి ఎవరైనా అడుగుతారా" అని రాశారు. లైకులు లేవు. నేను కూడా రిప్లై ఇవ్వలేదు. పాదయాత్రలో, సభల్లో పోడు గురించి మాట్లాడారు. సీఎం ఎవరన్న ఆ రెండు రోజుల్లో మాత్రం ఆ మాట ఎక్కడా వినపడలేదు, నా ఛానెల్‌తో సహా.

ఇప్పుడు రిప్లై పెట్టా. ఆయనా చర్ల మండలమేనట. వచ్చే వారం వెళ్తున్నా. అక్కడ సిగ్నల్ దొరికితే లైవ్ ఇస్తా, లేకపోతే ఇక్కడికొచ్చి అప్‌లోడ్ చేస్తా. ఉంటా మరి.