కారు మీద టెంటు కొనాలా వద్దా? ముందు ఈ లెక్క చూడండి

విజయనగరంలో చిన్న షాపు నడిపే మా భాయిజాన్ ఈ మధ్యే చీటీ పాడుకున్నాడు. ఆ డబ్బుతో కారు మీద బిగించే టెంటు కొంటానని పట్టుబట్టాడు. ఫోన్లో వీడియోలు చూసీ చూసీ ఆశ పుట్టింది. "నువ్వు బీకామ్ చదివావు కదా, లెక్క కట్టి చెప్పు" అన్నాడు. ఆయన కోసం కట్టిన లెక్కే ఇది. మన జిల్లాల్లో ఇలాంటి ఆలోచనలో ఉన్నవాళ్లకి పనికొస్తుందని రాస్తున్నా.

అసలు ఇదేంటి?

మన పొలాల్లో మంచె చూసే ఉంటారు. పాము, పురుగు, తడి తగలకుండా నాలుగు కర్రల మీద ఎత్తులో పడుకుని పంట కాపలా కాస్తారు. రూఫ్‌టాప్ టెంటు కూడా అలాంటిదే. కర్రల బదులు కారు ఉంటుంది, అంతే తేడా. 1950ల చివర్లోనే ఇటలీలో వీటిని తయారు చేసి అమ్మారు. మన దగ్గరికి వచ్చింది మాత్రం ఈ మధ్యే.

వీటిలో రెండు రకాలున్నాయి. గుడ్డతో చేసి మడతపెట్టేది సాఫ్ట్‌షెల్. పెట్టెలా గట్టి మూతతో వచ్చేది హార్డ్‌షెల్. హార్డ్‌షెల్ త్వరగా తెరుచుకుంటుంది, కాకపోతే ధర ఎక్కువ. రెండింట్లోనూ పరుపు లోపలే ఉంటుంది. ఎక్కడానికి నిచ్చెన ఉంటుంది.

మొదటి పరీక్ష: మీ కారు మోస్తుందా?

మామూలుగా ఈ టెంట్లు 50 నుంచి 80 కిలోల దాకా ఉంటాయి. కింద బిగించే రాడ్ల బరువు దీనికి అదనం. కారుతో ఇచ్చిన మాన్యువల్‌లో పైకప్పు మోయగల బరువు రాసి ఉంటుంది. చాలా చిన్న కార్లకి అది 50 కిలోల దగ్గరే ఆగిపోతుంది. పెద్ద ఎస్‌యూవీల్లో కొన్నింటికి 75, కొన్నింటికి 100 ఉంటుంది.

ఇక్కడ చాలామందికి ఒక అనుమానం వస్తుంది. 50 కిలోలే మోసే పైకప్పు మీద ఇద్దరు మనుషులు ఎలా పడుకుంటారు అని. మాన్యువల్‌లో ఉండేది బండి నడుస్తున్నప్పటి లెక్క. బ్రేకు వేసినా, మలుపు తిప్పినా పైన ఉన్న బరువు ముందుకో పక్కకో గుంజుతుంది. బండి ఆగి ఉన్నప్పుడు ఆ గుంజుడు ఉండదు కాబట్టి పైకప్పు అంతకంటే చాలా ఎక్కువ మోస్తుంది. అందుకే రాడ్లు కొనేటప్పుడు నడుస్తున్నప్పుడు ఎంత, ఆగి ఉన్నప్పుడు ఎంత అని రెండు అంకెలూ అడగండి. కాగితం మీద రాసివ్వలేని షాపులో కొనకండి.

ఇంకో సంగతి. కొన్ని కార్లకి పైన రెండు పక్కలా కనిపించే పట్టాలు ఉత్త అలంకారమే. వాటి మీద టెంటు బిగించి ఎస్.కోట నుంచి అరకు ఘాట్ ఎక్కితే ఏ మలుపులో ఏమవుతుందో చెప్పలేం. పైన బరువు పెరిగితే బండి మలుపుల్లో ఎక్కువ ఒరుగుతుంది కూడా.

రూలు సంగతీ చూసుకోవాలి. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం ఆర్‌సీలోని వివరాలు కంపెనీ ఇచ్చిన దానికి తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. మీరు బిగించేది ఆ కిందకి వస్తుందో రాదో ఆర్టీఓ ఆఫీసులో, ఇన్సూరెన్స్ కంపెనీలో ముందే కనుక్కుంటే మంచిది. ప్రమాదం జరిగాక క్లెయిమ్ దగ్గర గొడవ పడటం కంటే ఇది తేలిక.

రెండో పరీక్ష: ఎవరెవరు వెళ్తారు?

మామూలు సైజు టెంట్లో ఇద్దరు పెద్దవాళ్లు, ఒక చిన్న పిల్ల పడతారు. మన ట్రిప్పులు అలా ఉండవు కదా. అమ్మీ, అబ్బా, పిల్లలు, ఒక్కోసారి ఖాలా కూడా బయల్దేరుతుంది. మోకాళ్ల నొప్పి ఉన్నవాళ్లు నిచ్చెన ఎక్కగలరా? రాత్రి రెండింటికి బాత్రూమ్‌కి దిగాలన్నా, ఫజర్‌కి వజూ చేసుకోవాలన్నా చీకట్లో ఆ నిచ్చెనే దిక్కు. నిద్రలో లేచి నడిచే పిల్లలుంటే ఈ ఆలోచనే వద్దు.

మూడో పరీక్ష: మీది ఎలాంటి ట్రిప్పు?

నన్నడిగితే అసలు నిర్ణయం ఇక్కడే ఉంది. రోజుకో ఊళ్లో దిగేవాళ్లకి ఈ టెంటు బాగా పనికొస్తుంది. సాలూరు మీదుగా కోరాపుట్ వెళ్లి, 1,672 మీటర్ల దేవమాలి కొండ చూసి, అక్కడి నుంచి ఇంకా లోపలికి వెళ్తారనుకోండి. సాయంత్రం బండి ఆపి టెంటు తెరుస్తారు, పొద్దున మూసి బయల్దేరతారు. రోజూ రాళ్లు ఏరి నేల చదును చేసుకునే పని ఉండదు.

కానీ మనలో ఎక్కువమంది చేసేది ఒక్క రాత్రి ట్రిప్పు. శ్రీకాకుళం వాళ్లు కళింగపట్నం బీచ్‌కో బారువకో, విజయనగరం వాళ్లు తాటిపూడికో చింతపల్లి బీచ్‌కో వెళ్తారు. ఒకేచోట ఉండేవాళ్లకి కారు మీద టెంటు అడ్డమే. పాలు, టీపొడి కోసం ఊళ్లోకి వెళ్లాలన్నా మొత్తం మడిచి బయల్దేరాలి. బీచ్‌లో ఇంకో చిక్కుంది. ఇసుకలోకి కారు దింపితే చక్రాలు కూరుకుపోతాయి. అందుకని రోడ్డు పక్కనే ఆపాలి. అప్పుడు మీరు పడుకునేది సముద్రం పక్కన కాదు, పార్కింగ్‌లో.

మన వాతావరణం, మన అడవి

ఎత్తులో ఉన్న గుడ్డకి గాలి ఎక్కువ తగులుతుంది. తీరంలో మామూలు గాలికే రాత్రంతా టపటపా కొట్టుకుంటుంది. అక్టోబర్, నవంబర్ తుపాన్ల కాలం. 2018 అక్టోబర్ 11న తిత్లీ పలాస దగ్గర తీరం దాటి ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటల్ని నేలకూల్చింది. ఆ నెలల్లో వాతావరణ శాఖ హెచ్చరిక చూడకుండా బయల్దేరకండి. వేసవిలో పిడుగుల భయం. ఉరుము వినపడితే వెంటనే కిందకి దిగి, కారులో కూర్చుని అద్దాలు ఎత్తుకోండి. రేకు పైకప్పున్న కారు లోపల ఉండటం, పైన టెంట్లో ఉండటం కంటే చాలా భద్రం. ఫోన్లో దామిని యాప్ ఉంటే చుట్టుపక్కల పిడుగులు ఎక్కడ పడుతున్నాయో ముందే తెలుస్తుంది.

ఎత్తులో ఉన్నాం కాబట్టి జంతువుల భయం లేదనుకుంటే పొరపాటు. పాములు, తేళ్ల వరకూ ఆ మాట నిజం. ఎలుగుబంటికి మాత్రం ఎక్కడం వచ్చు. 2022 జూన్‌లో వజ్రపుకొత్తూరు మండలం కిడిసింగిలో ఎలుగు దాడిలో ఒకరు చనిపోయారు, కొందరు గాయపడ్డారు. సీతంపేట, పార్వతీపురం వైపు కొన్నేళ్లుగా ఏనుగులు తిరుగుతున్నాయి. వాటికి కారు ఎత్తు ఒక లెక్క కాదు. అరటిపళ్లు, బెల్లం, బియ్యం వాసనకి దగ్గరికొస్తాయి. ఆ ఊళ్లలో రాత్రి బయట పడుకోవద్దు. రిజర్వ్ ఫారెస్టులోకైతే అటవీ శాఖ అనుమతి లేకుండా వెళ్లడమే నేరం.

డబ్బు లెక్క

బ్రాండును బట్టి ధరలు మారతాయి కాబట్టి లెక్క కోసం కొన్ని అంకెలు అనుకుందాం. టెంటు 1,20,000, రాడ్లు 20,000. మొత్తం 1,40,000. ఐదేళ్ల తర్వాత 40,000కి అమ్ముడుపోయింది అనుకుంటే అసలు ఖర్చు లక్ష.

ఏడాదికి 6 రాత్రులు వాడితే ఐదేళ్లలో 30 రాత్రులు. రాత్రికి దాదాపు 3,333 రూపాయలు. ముగ్గురికి 2,000కి గది దొరికితే, ఈ టెంటు గిట్టుబాటు కావాలంటే ఏడాదికి 10 రాత్రులు వాడాలి. అదే నేల మీద వేసే టెంటు, చాపలు కలిపి 8,000 అయినా 30 రాత్రులకి రాత్రికి 267 రూపాయలే.

పైన బరువు, గాలి అడ్డు వల్ల మైలేజీ కూడా తగ్గుతుంది. లీటరుకి 16 ఇచ్చే బండి 14కి దిగిందనుకోండి. 300 కిలోమీటర్లకి రెండున్నర లీటర్లకి పైగా ఎక్కువ తాగుతుంది. టెంటు తీయకుండా ఊళ్లో తిరిగితే రోజూ ఈ నష్టమే. తీయాలంటే కనీసం ఇద్దరు బలమైన మనుషులు, ఇంట్లో అంత చోటు కావాలి. వానకి తడిస్తే ఇంటికొచ్చి తెరిచి ఆరబెట్టాలి. లేదంటే మన ఉక్కకి బూజు పట్టేస్తుంది. అపార్టుమెంటు సెల్లార్ అయితే ఎత్తు కొలుచుకోండి.

మరి ఎవరు కొనొచ్చు?

మాన్యువల్ ఒప్పుకునే పెద్ద బండి ఉండి, వెళ్లేది ఇద్దరు ముగ్గురే అయి, ఏడాదికి పది రాత్రులకి తగ్గకుండా ఊరూరా తిరిగేవాళ్లు నిశ్చింతగా కొనుక్కోవచ్చు. అందులో ఏ ఒక్కటి లేకపోయినా ఆగండి. ఆశ తీరకపోతే ఎవరి దగ్గరైనా ఒక ట్రిప్పుకి అద్దెకి దొరుకుతుందేమో చూసి, రెండు రాత్రులు పడుకుని చూడండి.

ఇదంతా విని భాయిజాన్ కాసేపు మాట్లాడలేదు. తర్వాత డ్యాష్‌బోర్డు తెరిచి, ఇన్నేళ్లూ కవరు కూడా విప్పని మాన్యువల్ బయటకి తీశాడు. పైకప్పు బరువు 50 కిలోలు అని ఉంది. ఇంట్లో మనుషులు ఆరుగురు. చీటీ డబ్బు బ్యాంకులోనే ఉంది. చలికాలం తాటిపూడి వెళ్లడానికి నేల మీద వేసే టెంట్లు రెండు చూడమని నాకే పని అప్పజెప్పాడు.