పప్పుగింజల పుచ్చు – చెట్టుమందులు

గత సంవత్సరము తొలకరి వానలు పడిన దినములలో మా తరగతి బాలుడొకడు చిన్న మూటనొకదానిని బడికి తెచ్చెను. అందు వాని తల్లి విత్తనమునకై దాచిన పెసలుండెను. మూట విప్పి చూడగా ఇంచుమించు ప్రతి గింజయందును తొలిచినట్లు గుండ్రని రంధ్రము కనబడెను. చేతితో నలుపగా పిండి రాలెను. "అయ్యగారండీ, వీనిని చల్లిన మొలచునా?" అని వాడడిగెను. చాలవరకు మొలవవని చెప్పుటకు మాకు మిక్కిలి కష్టమాయెను. ఆ ప్రశ్నయే ఈ వ్యాసమునకు కారణము.

పెసలు, మినుములు, కందులు, అలసందలు మున్నగువానిని పాడుచేయు ఈ పురుగు మూడు నాలుగు మిల్లీమీటర్ల పొడవుగల గోధుమవన్నె పెంకుపురుగు. ఇది తరచుగా చేనిలోనే కాయలమీద గ్రుడ్లుపెట్టి, గింజలతోకూడ మన యింటికి వచ్చును. గ్రుడ్డు గింజపైననే అంటుకొనియుండును. కొలది దినములకు పిల్లపురుగు గ్రుడ్డు క్రిందినుండియే గింజలోనికి తొలుచుకొనిపోయి, లోపలి పప్పును తిని, వెచ్చని కాలమున సుమారు ఒక నెలకు పెద్ద పురుగై రంధ్రము చేసికొని వెలుపలికి వచ్చును. పెద్ద పురుగునకు ఆహారముతో పనిలేదు. బ్రతుకు ఒకటి రెండు వారములే. అయినను ఒక్కొక్క ఆడుపురుగు ఎనుబది, నూరు గ్రుడ్ల వరకు పెట్టగలదు. కావున రెండు మూడు నెలలలో కుండెడు గింజలు పొట్టుగా మారుటలో వింతలేదు.

దీనికి మన పెద్దలెరిగిన ఉపాయము నూనె. కందిపప్పునకు ఆముదము పట్టించి దాచుట మన యిండ్లలో ఆచారమే. కిలో గింజలకు సుమారు 5 మిల్లీలీటర్ల నూనె చాలును. ఆముదమైనను, వేరుసెనగ నూనెయైనను గింజలన్నిటికి అంటునట్లు చేతితో బాగుగా కలుపవలెను. ఆ పలుచని పొర గ్రుడ్డునకు గాలి తగులనీయదు. అందుచే గ్రుడ్డులోని జీవము నశించును. అయితే గింజలోపలికి ముందే చేరిన పురుగునకు ఈ మందు అంతగా పనిచేయదు. కనుక పంట యింటికి రాగానే గింజలను ఎండబెట్టి, చెరిగి, చల్లారిన వెంటనే నూనె పట్టించుట ముఖ్యము.

రెండవది వేప. 1962లో ఢిల్లీలోని భారత వ్యవసాయ పరిశోధన సంస్థలో డాక్టరు ప్రధాన్‌గారును, వారి సహచరులును, వేపగింజల పప్పును నీట కలిపి చల్లిన ఆకులను మిడుతలు ముట్టవని ప్రకటించిరి. ఆ గుణమునకు ముఖ్యకారణమైన అజాడిరక్టిన్ అను పదార్థమును 1968లో ఇంగ్లాండులో వేరుచేసిరి. ఇది ఆకులకంటె గింజలలో హెచ్చుగానుండును. వేపపప్పును నీడలో ఆరబెట్టి పొడిచేసి, నూరుపాళ్ల విత్తనములకు ఒకటి రెండు పాళ్లు కలుపవచ్చును. ఎండ తగిలిన యెడల దీని బలము తగ్గును.

ఇచ్చట కొన్ని హెచ్చరికలు చేయుచున్నాము. పైరుపై చల్లు కషాయమును నిలువ గింజలపై చల్లరాదు. తడివలన బూజు పట్టును. వేపనూనె, వేపపొడి చేదు గనుక విత్తనములకే వాడవలెను. వసకొమ్ము పొడికిని పురుగులను చంపు శక్తి కలదుగాని, అందలి పదార్థమొకటి దేహమునకు హానికరమని పరీక్షలలో తేలినందున తినెడి గింజలలో కలుపరాదు. బజారులో దొరకు విషపు బిళ్లలను, అనగా అల్యూమినియం ఫాస్ఫైడును, నివాసగృహములలో ఎన్నడును ఉంచరాదు. తేమ తగిలినంతనే వానినుండి వెలువడు వాయువు నిదురించువారి ప్రాణములను తీయగలదు.

విద్యార్థులారా, దీనిని మీరే పరీక్షింపుడు. రెండు సీసాలలో సమముగా పెసలు పోసి, ఒకదానికి మాత్రము నూనె పట్టించి, మూతికి పలుచని గుడ్డ కట్టి, రెండు నెలలు కనిపెట్టుడు. పిమ్మట ఒక్కొక్క సీసానుండి నూరేసి గింజలను తడిగుడ్డలో మూటగట్టి, ఎన్ని మొలకెత్తినవో లెక్కించి వ్రాసికొనుడు. నూనె మితిమీరినచో మొలక తగ్గవచ్చును గనుక విత్తనములకు ఈ లెక్క అవసరము.

తల్లిదండ్రులకు మా మనవి యేమనగా, విత్తనపు కుండను తొలకరి వరకు మూసి మరచిపోకుడు. నెలకొకసారి తెరచి, గింజలపై తెల్లని చుక్కలవలె గ్రుడ్లున్నవేమో చూడుడు. అంతపాటి శ్రద్ధ చూపిన యెడల, రాబోవు తొలకరికి ఏ బాలుడును అట్టి మూటతో మాయొద్దకు రావలసిన పనియుండదు.