గృహభేదనం - ఆత్మరక్షణ హక్కు
ఇంటిలో చొరబడిన దొంగ నుండి ప్రాణాన్ని, ఆస్తిని కాపాడుకోవడానికి భారత చట్టం ఇచ్చిన అధికారమే ఆత్మరక్షణ హక్కు. ఇది 1860 నాటి భారతీయ శిక్షాస్మృతిలో 96 నుండి 106 వరకు గల సెక్షన్లలో ఉండేది. 2024 జూలై 1 నుండి భారతీయ న్యాయ సంహిత 34-44 సెక్షన్లలో ఉంది.

దొంగను చంపినా నేరం కాదనే లోకాభిప్రాయం సగమే నిజం. కన్నం వేసి గాని, తాళం పగులగొట్టి గాని లోపలికి రావడం గృహభేదనం. అది సూర్యాస్తమయం తరువాత, సూర్యోదయానికి ముందు జరిగితే, తప్పనిసరైనపుడు దొంగ ప్రాణం తీయడానికి కూడా 41వ సెక్షను అనుమతిస్తుంది. తెరచిన తలుపు గుండా వచ్చిన చిల్లర దొంగ విషయం వేరు. అతని వలన చావు లేదా తీవ్రగాయం తప్పదనే సహేతుకమైన భయం ఉండాలి. గృహభేదనం వలన కలిగిన హక్కు దొంగ ఇంటిలో ఉన్నంత వరకే. పట్టుబడినవానిని స్తంభానికి కట్టి కొట్టడం నేరమే. అతనిని ఆలస్యం లేకుండా, ఆరు గంటలలోపు పోలీసులకు అప్పగించాలి.

అవసరానికి మించి హాని చేయరాదు. అయితే దాడికి గురైనవాడు ప్రతి దెబ్బనూ లెక్కకట్టి కొట్టలేడని 2010లో దర్శన్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు అంగీకరించింది.