బెంటోటా దారిలో చదవని షరతు

గత ఫిబ్రవరిలో శ్రీలంక పశ్చిమ తీరంలోని బెంటోటాకు కారు నడుపుకుంటూ ఒంటరిగా వెళ్ళొచ్చాను. నిజానికి అది ఇద్దరం కలిసి వేసుకున్న ప్రయాణం. చివర్లో మా ఆవిడకు స్కూల్లో సెలవు దొరకలేదు. "టిక్కెట్ల డబ్బు ఎలాగూ తిరిగి రాదు, మీరైనా వెళ్ళిరండి" అంది. విదేశీ ప్రయాణానికి పై ఆఫీసు అనుమతి అప్పటికే చేతికొచ్చింది. సరేనని బయల్దేరాను. తిరిగొచ్చాక చాలామంది మిత్రులు వివరాలు అడిగారు. నేను సరిగ్గా చేసినదీ, పొరపాటు పడినదీ రెండూ ఇక్కడ చెబుతున్నాను.

పర్మిట్ ఒక్కటే చాలదు

మన లైసెన్సు ఉన్నవారు రవాణా శాఖ నుంచి అంతర్జాతీయ డ్రైవింగ్ పర్మిట్ తీసుకోవచ్చు. దాని గడువు ఏడాది. అయితే శ్రీలంకలో దానిపై కొలంబోలోని ఆటోమొబైల్ అసోసియేషన్ ఆఫ్ సిలోన్ ధ్రువీకరణ కూడా ఉండాలి. "ఎవరూ అడగరు సార్, నేరుగా వెళ్ళిపోండి" అని కారు అద్దెకిచ్చిన కుర్రాడు సలహా ఇచ్చాడు. కేవైసీ కాగితం ఒక్కటి తక్కువైనా ఖాతా తెరవని మనం, మన విషయంలో మాత్రం ఎలా వదిలేస్తాం? ఒక పూట పోయినా సరేనని వెళ్ళి ముద్ర వేయించుకున్నాను.

దారి

అక్కడా మనలాగే ఎడమవైపు నడపాలి కాబట్టి చేతికి కొత్తదనం లేదు. కొట్టావ దగ్గర దక్షిణ ఎక్స్‌ప్రెస్‌వే ఎక్కాను. వేగ పరిమితి గంటకు 100 కిలోమీటర్లు. వెలిపెన్న దగ్గర దిగితే అళుత్‌గమ మీదుగా బెంటోటా చేరవచ్చు. తిరుగు ప్రయాణంలో పాత గాలె రోడ్డు పట్టుకున్నాను. కళుతర బోధివృక్షం దగ్గర డ్రైవర్లు బండి ఆపి, హుండీలో నాణెం వేసి, దండం పెట్టుకుని కదులుతారు. నేనూ వేశాను. అప్పటికి నాకు ఆ అవసరం బాగా తెలిసొచ్చింది.

చదవని షరతు

రెండో రోజు సాయంత్రం ఒక ఇరుకు సందులో బండి వెనక్కి తీస్తుంటే తలుపు గోడకు రాసుకుపోయింది. జానెడు పొడవున గీత, కొంచెం సొట్ట. ఎవరికీ ఏమీ కాలేదు. ఫోన్ చేస్తే కారు కంపెనీవాళ్ళు మొదట అడిగింది నా పర్మిట్ మీద ముద్ర ఉందా అని. అది లేకపోతే బీమా మొత్తానికే వర్తించదట. ఆ రాత్రి చాలాసేపు నిద్ర పట్టలేదు. గోడ ఉన్నచోట ఒక మనిషి ఉండి ఉంటే?

రెండో విషయం నా అజాగ్రత్త. "ఫుల్ ఇన్సూరెన్స్" అన్న మాట విని సంతకం పెట్టాను. ఒప్పందం రెండో పేజీలో, ప్రతి నష్టంలోనూ మొదటి 50,000 శ్రీలంక రూపాయలు అద్దెకు తీసుకున్నవారే భరించాలని ఉంది. మరమ్మతుకైంది 35,000. అంటే బీమా నుంచి పైసా రాలేదు, మొత్తం నేనే కట్టాను. తప్పు కంపెనీది కాదు. రుణపత్రాల మీద సంతకం పెట్టే ప్రతి ఖాతాదారుడికీ "చదివి సంతకం పెట్టండి" అని చెప్పే నేనే చదవలేదు. రిస్కును బీమాకు బదలాయించవచ్చని ఎం.బి.ఏ.లో చదువుకున్నాం. ఎంత బదలాయించాం, ఎంత మన దగ్గరే మిగిలింది అన్నది మాత్రం ఆ రెండో పేజీలోనే ఉంటుంది.

కార్డు సంగతి

కారు తీసుకునేటప్పుడు డిపాజిట్‌గా నా క్రెడిట్ కార్డుపై లక్ష శ్రీలంక రూపాయలు హోల్డ్ పెట్టారు. అది ఖర్చు కాదు కానీ, విడుదలయ్యేదాకా ఆ మేరకు పరిమితి తగ్గిపోతుంది. హోటల్లో బిల్లు కట్టబోతే కార్డు పనిచేయలేదు. వెంట ఉన్న ఫారెక్స్ కార్డు పరువు నిలబెట్టింది. అందుకే మిత్రులకు నా సూచనలు:

• డిపాజిట్‌కు ఒక కార్డు, ఖర్చులకు మరొకటి ఉంచుకోండి.
• కార్డులో విదేశీ వాడకాన్ని బయల్దేరే ముందే ఆన్ చేసుకోండి.
• మిషన్ మీద "భారత రూపాయల్లో చెల్లిస్తారా?" అని వస్తే వద్దనండి. స్థానిక కరెన్సీనే ఎంచుకోండి. లేదంటే ఆ మార్పిడి రేటులో అదనపు భారం కలిసిపోతుంది.
• చిన్న ఖర్చులకు లంకా క్యూఆర్ ఉన్నచోట యూపీఐ వాడవచ్చు. 2024 ఫిబ్రవరిలో ఈ సౌకర్యం మొదలైంది.
• కారు తీసుకోగానే నాలుగు వైపులా వీడియో తీసుకోండి.

చివరగా సముద్రం

బెంటోటాలో ఒక పక్క నది, మరో పక్క సముద్రం, మధ్యలో సన్నని ఇసుక పట్టీ. నవంబరు నుంచి ఏప్రిల్ దాకా సముద్రం నెమ్మదిగా ఉంటుంది. నైరుతి రుతుపవనాలు వస్తే అలలు ఉగ్రరూపం దాలుస్తాయి. ప్రసిద్ధ వాస్తుశిల్పి జెఫ్రీ బావా తోట లునుగంగ ఇక్కడికి దగ్గరే. తప్పక చూడండి.

విశాఖలో పెరిగిన నాకు సముద్రం అంటే సూర్యుడు పుట్టే చోటు. అక్కడ మొదటిసారి సూర్యుడు నీళ్ళలో దిగడం చూశాను. వెంటనే మా ఆవిడకు వీడియో కాల్ చేశాను. కాసేపు చూసి, "బాగుంది. కారు జాగ్రత్తగా పెట్టారా?" అంది. అప్పటికింకా గీత సంగతి ఆమెకు చెప్పలేదు. ఈ పత్రిక ఇంటికి వచ్చేలోగా చెప్పాలి.